బేబీ చెయ్యి

గురువారం పొద్దున పది దాటింది. మలక్‌పేటలో ఒక కాలేజీ మూడో అంతస్తు మిద్దె మీద, ఆకుపచ్చ నీడ వల కింద, వృక్షశాస్త్రం చెప్పే విమలాదేవి మేడమ్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఒడిలో స్టీలు పళ్లెం పెట్టుకుంది. మాలి సీమోను పక్కన నిలబడి జాలీ సంచులు ఒక్కొక్కటే కోసి అందిస్తున్నాడు. చార్మినార్ దగ్గర ముత్యాల దుకాణాల్లో చెవికమ్మలు వేసి ఇస్తారే, ఆ సన్నని సంచులు. సీమోనే వెళ్లి తెచ్చాడు. ఒక్కో సంచిలో ఎండిపోయిన ఒక్కో పువ్వు ఉంది.

మేడమ్ దారం విప్పి, పువ్వును పళ్లెంలో వేసి బొటనవేలితో నలిపి, మెల్లగా ఊదేది. పొట్టు లేచిపోయేది. కింద గింజ ఉండాలి. నల్ల నువ్వు కంటే కొంచెం పెద్దగా, గుండ్రంగా ఉంటుందని ఆమె అందరికీ ఫోన్‌లో బొమ్మ చూపించి ఉంది. పళ్లెంలో మాత్రం ఏమీ మిగలడం లేదు. అనుమానం ఉన్న తునకలను గాజు గ్లాసులో నీళ్లలోకి వేసింది. గట్టి గింజయితే మునుగుతుంది. అన్నీ పైనే తేలాయి.

మొదటి వంద సంచుల వరకు ఆమె మాట్లాడుతూనే ఉంది. తర్వాత మాట తగ్గింది. రెండు వందలు దాటాక ఊదడం కూడా మానేసి, వేలితో తడిమి పక్కన పడేసింది. మొత్తం మూడు వందల పన్నెండు సంచులు. గింజ ఒక్కటి లేదు.

ఆ మిద్దె మీద గోనెసంచుల్లో పెరిగేది యాకాన్ అనే గడ్డ. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీది పంట. చూడటానికి కందగడ్డలా ఉంటుంది, పచ్చిగా కొరికితే పుచ్చకాయలా తియ్యటి నీళ్లు కారతాయి. చల్లని కొండల మీది మొక్క కాబట్టి హైదరాబాద్ ఎండలకు ప్రతి ఏప్రిల్‌లో దాని తల్లిదుంప కుళ్లిపోతుంది. తల్లిదుంపను కోసి నాటితే మళ్లీ అదే మొక్క వస్తుంది, మళ్లీ అదే ఎండకు పోతుంది. గింజ నుంచి మొలిస్తేనే కొత్త గుణం వస్తుంది. వేయి మొక్కల్లో ఒక్కటైనా ఈ ఎండను తట్టుకోకపోతుందా అని మేడమ్ ఆశ. కానీ ఈ మొక్క తనంతట తాను గింజ కట్టదు. తెల్లగడ్డ రకం పువ్వుకు ఊదాగడ్డ రకం పుప్పొడిని మనిషి చేత్తో అంటించాలి. దానికోసమే సీమోను తమ చర్చికి వచ్చే బేబీ అనే ఆమెను పనికి తెచ్చాడు.

బేబీ అప్పుడు నీళ్ల డ్రమ్ము దగ్గర నిలబడి ఉంది. పైపు చేతిలోనే ఉంది, నీళ్లు మాత్రం కట్టేసింది.

"అన్ని పూలూ ఆమే చేసింది కదా?" అని మేడమ్ అడిగింది.

అవునన్నాడు సీమోను. తన కళ్లకు శుక్లాలు వచ్చి సన్నవి కనబడవని, చేయవలసిన తీరు తాను చూపించానని, చేతులు మాత్రం బేబీవేనని చెప్పాడు. పుప్పొడి అంటించిన ఆ పదిహేను రోజులూ మేడమ్ పరీక్షల డ్యూటీలో ఉండి మిద్దె ఎక్కలేదు. ఆమె వచ్చేసరికి పూలన్నీ సంచుల్లో ఉన్నాయి.

"పని తెలిసిన మనిషని మీరే అన్నారు."

"తెలుసు మేడమ్. గద్వాల దిక్కు పత్తి క్రాసింగుల పదేండ్లు చేసింది."

"మరి ఇదేంటి?"

సీమోను పళ్లెంలోకి చూశాడు. అతనికి నిజంగానే జవాబు తెలియలేదు. తెలియదు అనడానికి నోరు రాలేదు. జనవరి నెలాఖరుకు అతని రిటైర్మెంటు. ఆ తర్వాత ఇంకో ఏడాది కాంట్రాక్టు మీద ఉంచమని మేడమ్ కాగితం రాస్తానంది. మొక్కల సంగతి సీమోనుకు తెలిసినంత ఎవరికీ తెలియదని ఆమె పదిమందిలో అంటూ ఉంటుంది.

"చెయ్యి మంచిగ లేదేమో మేడమ్," అన్నాడు.

గొంతు తగ్గించే అన్నాడు. డ్రమ్ము దూరమేమీ కాదు.

మేడమ్ లేచి పళ్లెం దులిపింది. రేపటి నుంచి బేబీ రావక్కర్లేదని సీమోనుతో చెప్పి మెట్లు దిగింది. బేబీ పైపును చుట్టగా చుట్టి మేకుకు తగిలించింది. కొంగున దోపుకున్న, పూలు విప్పే చిమ్టాను తీసి, మొనలు తుడిచి, బల్ల మీద పెట్టింది. పోతూ పోతూ సీమోను ముందు ఒక్క క్షణం ఆగింది. ఏదో అంటుందనుకున్నాడు. మెట్లు దిగి పోయింది.

సాయంత్రం మాదన్నపేట మార్కెట్ మూల మీద చాయ్ దగ్గర మొగులయ్య కలిశాడు. మొగులయ్య మేస్త్రీ. రోజూ తెల్లవారి వ్యాన్‌లో పన్నెండు మంది ఆడవాళ్లను శంషాబాద్ దిక్కు టమాట విత్తనాల షెడ్లకు తీసుకుపోతాడు. పువ్వు విప్పి, మగ కేసరాలు తీసి, పుప్పొడి అంటించే పని. కాలేజీ పని అయిపోగానే వ్యాన్‌లో బేబీకి ఒక జాగా ఇస్తానని మాట ఇచ్చి ఉన్నాడు.

"మన బేబీ చెయ్యెట్లున్నదన్నా?" అని అడిగాడు మొగులయ్య.

క్రాసింగ్ పనిలో ఉన్నవాళ్లు ఒకరి గురించి ఒకరు అడిగే మొదటి మాట అదే. ఒకామె అంటిస్తే కాయ నిలుస్తుంది, ఇంకొకామె అంటిస్తే రాలిపోతుంది. ఎందుకో ఎవరికీ తెలియదు. చెయ్యి మంచిదంటారు, మంచిది కాదంటారు. మంచిది కాదన్న ఆమె పక్క వరసలో నిలబడటానికి కూడా మిగతావాళ్లు జంకుతారు.

సీమోను చాయ్‌ను సాసర్‌లో పోసుకున్నాడు. మూడు వందల పూలకు ఒక్క గింజ నిలవలేదని చెప్పాడు. అందులో అబద్ధం లేదు. మొగులయ్య ఇంకేమీ అడగలేదు. తల పక్కకు తిప్పి నాలుక చప్పరించాడు, అంతే.

శుక్రవారం మొక్కలన్నీ కోసెయ్యమని కబురు వచ్చింది. సీమోను కొడవలి తీసుకుని మిద్దె ఎక్కాడు. కింద రేసుకోర్సు వైపు గుర్రాలను నడిపించే వాళ్ల కేకలు వినిపిస్తున్నాయి. దక్షిణం వరస కోసి కుప్ప వేశాడు. మనిషెత్తు మొక్కలు, వెడల్పాటి నూగు ఆకులు. కోసిన చోట జిగురు చేతులకు అంటుకుంది. ఉత్తరం వరసలో రెండు రకాలూ ఆలస్యంగా నాటినవి. అందులో ఇంకా మొగ్గలున్నాయి. నిన్నటి మొగ్గలు కొన్ని ఈ పొద్దున విచ్చుకున్నాయి. రూపాయి బిళ్లంత పూలు, పొద్దుతిరుగుడుకు చిన్న పిల్లల్లా ఉన్నాయి.

కొడవలి పెట్టబోయి, ఒక పువ్వును తెంపాడు. ఎందుకు తెంపాడో అతనికే తెలియదు. అంత మంచిగా పూసిన పువ్వులో గింజ ఎందుకు నిలవలేదన్న పట్టుదల కావచ్చు. మేడమ్ బల్ల సొరుగులో భూతద్దం ఉంటుంది. తీసుకుని ఎండలోకి వచ్చి కూర్చున్నాడు.

పువ్వు మధ్యలో చిన్న చిన్న గొట్టాల గుత్తి ఉంది. అందులోంచి పుప్పొడి వస్తుంది. చుట్టూ పసుపు రేకులు పదమూడు ఉన్నాయి. అలవాటు కొద్దీ ముందు రేకును పట్టుకుని లాగాడు. ముప్పై ఏళ్లుగా మందారకు, బెండకు, పత్తికి అదే చేశాడు. క్రాసింగ్‌లో మొదటి పని రేకులు పీకడం. రేకులు పోతేనే లోపలి ఆడభాగం బయటపడుతుంది. రేకు అంటే పువ్వు కట్టుకున్న బట్ట, దానితో పని లేదు.

వేలి మీదికి వచ్చిన రేకును పారేయబోతూ భూతద్దం కింద పెట్టాడు. రేకు మొదట్లో సన్నని దారం లాంటిది నిలబడి ఉంది. దాని కొస రెండుగా చీలి, పాము నాలుకలా వంగి ఉంది. దారం కింద, రేకును అంటిపెట్టుకుని, పచ్చటి పూస ఒకటి ఉంది.

అద్దాన్ని దగ్గరికి, దూరానికి జరిపాడు. ఇంకో రేకు లాగాడు. దానికీ నాలుక ఉంది, పూస ఉంది. మూడో దానికీ ఉంది. మధ్య గొట్టాల్లో ఒకదాన్ని గోటితో పెకలించి చూశాడు. దాని కింద పూస లేదు. ఒట్టి తొడిమె. ఇంకో నాలుగు పెకలించాడు. ఒక్కదానికీ లేదు.

సీమోను పీకిన రేకులను అరచేతిలో వరసగా పేర్చాడు. ఈ పువ్వులో ఆడవి రేకులే. గింజ కట్టేది రేకు కిందే. మధ్యలో ఉన్నవన్నీ మగవి. తాను ఏం పీకించాడో, పీకించి మిగిలిన ఒట్టి మగ గుత్తి మీద ఎన్ని పొద్దులు పుప్పొడి రాయించాడో, దానికి ఎంత జాగ్రత్తగా సంచులు తొడిగించాడో వరసగా కళ్లముందుకు వచ్చింది.

బేబీ అడిగింది కూడా. మొదటి రోజే. పువ్వును కళ్ల దగ్గర పెట్టుకుని, "అన్నా, రేకుకు నాలుక ఉన్నట్టున్నది చూడు" అంది. తాను చూడలేదు. చూసినా కనబడేది కాదు. "రేకు పీకుడు తెల్వదా నీకు, పదేండ్లు ఏం చేసినవ్?" అని గదమాయించాడు. ఆమె నవ్వి, చిమ్టాతో పీకడం మొదలుపెట్టింది. ఆ రోజు ఒక్కో పువ్వుకు పదమూడు రేకులు లెక్కగా, గీత పడకుండా, ఎంత శుభ్రంగా పీకిందో.

మధ్యాహ్నం మేడమ్ పైకి వచ్చింది. ఉత్తరం వరస ఎందుకు కోయలేదని అడిగింది. చేతిలో అతని కాంట్రాక్టు కాగితం ఉంది, సంతకం పెట్టి ప్రిన్సిపల్ గదికి పంపేముందు పేరులో అక్షరాలు సరిచూసుకోమని ఇచ్చింది. సీమోను భూతద్దాన్ని లుంగీ మడతలో దాచుకున్నాడు. పేరు సరిగానే ఉందన్నాడు. మిగిలింది రేపు కోస్తానన్నాడు.

ఆ రాత్రి అన్నం ముందు అతని భార్య సుందరమ్మ చెప్పింది. చర్చి ఆడవాళ్ల ప్రార్థన నుంచి అప్పుడే వచ్చింది. బేబీ వచ్చిందట, వెనక కూర్చుందట. మొగులయ్య వ్యాన్‌లో జాగా లేదన్నాడట. చెయ్యి మంచిది కాదని ఎవరో చెప్పారట, అందులో పోయే లలితమ్మ వాళ్లంతా ఆమె వస్తే మేం రామన్నారట. మొగుడు పోయినప్పుడు కూడా అంత వంగిపోలేదు పిల్ల, అంది సుందరమ్మ. ఎవరు చెప్పారో ఆమెకు తెలియదు. పప్పు వడ్డిస్తూ, అట్లాంటి మాట అనడానికి నోరు ఎట్లా వచ్చిందో అని మాత్రం అంది.

సీమోను కంచం ముందు కూర్చున్నాడు. మజ్జిగ పోసుకోకుండానే లేచాడు.

శనివారం పొద్దున మార్కెట్‌లో వెతికాడు. బేబీ కొత్తిమీర కుప్ప ముందు గోనె మీద కూర్చుని కట్టలు కడుతోంది. ఎనిమిది కాడలు, ఒక పీచు, ఒక ముడి. సీమోను నిలబడి ఉన్నా చేతులు ఆగలేదు.

అతను కింద కూర్చున్నాడు. రేకుల మొదట్లోనే నాలుక ఉందని, ఆమె చెప్పిందే నిజమని, తప్పు తనదని చెప్పాడు. పక్కన టమాటలు అమ్మే పెద్దాయన "హటో హటో" అంటూ బండి తోసుకుపోతే కాళ్లు ముడుచుకుని మళ్లీ చెప్పాడు.

బేబీ ఒక కట్ట పూర్తి చేసి పక్కన పెట్టింది.

"నాకెందుకు చెప్తున్నవన్నా? నాకు తెల్వదా?"

"తెలుసా?"

"మూడో దినమే తెలిసింది. నీకు మళ్ల చెప్పాల్నని మస్తు సార్లు అనుకున్న. నువ్వు ఊకుంటవా? నన్ను పనికి తెచ్చింది నువ్వు. మేడమ్ ముంగట నీ మాట తీసేస్తే నువ్వేమైతవ్?" ఆమె ఇంకో పీచు తీసుకుంది. "నేను నీ మర్యాద కాసిన. నువ్వు నా చెయ్యి మీద ఏసినవ్."

సీమోను చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని ఉన్నాడు. తప్పయింది చెల్లె అన్నాడు.

"నాకు చెప్తే నాకేం ఒస్తది. ఎవలకు చెప్పినవో వాళ్లకు పోయి చెప్పు."

ఆమె కళ్లలో నీళ్లేమీ లేవు. కోపం కూడా కనిపించలేదు. కొత్తిమీర మీద నీళ్లు చల్లి, తడి చేతిని కొంగుకు తుడుచుకుని, తరవాతి కట్ట మొదలుపెట్టింది.

శనివారం కాలేజీ ఒంటిపూట. సీమోను మేడమ్ గది బయట గంటసేపు నిలబడ్డాడు. లోపల ఆమె ఒక్కతే అయ్యాక వెళ్లి, భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. చేతిరుమాలు విప్పి ఒక పువ్వు పెట్టాడు. రేకు ఒకటి పీకి అద్దం కింద ఉంచాడు.

మేడమ్ వంగి చూసింది. ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు.

"రేకులు పీకించారా?"

"పీకిచ్చిన మేడమ్."

"అన్నిటికీ?"

"అన్నిటికీ. ఆమె వద్దన్నట్టే అన్నది. నేనే ఇనలే."

మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. "అక్టోబరులో నేను ఫోన్‌లో బొమ్మ పెట్టి చూపించాను. బయటివి ఫిమేల్, మధ్యవి మేల్ అని చెప్పాను. మీరు తల ఊపారు, సీమోను గారూ."

"ఊపిన."

"అర్థం కాకపోతే అడగొచ్చు కదా?"

సీమోను కిటికీ వైపు చూశాడు. "సమజ్ కాలే మేడమ్. అంతమంది పిల్లల ముంగట అడగనీకి సిగ్గయింది. మొక్కల సంగతి నాకు అంతా తెలుసని మీరు అప్పుడే అంటిరి."

ఆమె పీకిన రేకును మళ్లీ పువ్వు పక్కన పెట్టింది. ఆ పదిహేను రోజుల్లో తాను ఒక్కసారైనా మిద్దె ఎక్కి ఉంటే ఒక్క చూపుకు తెలిసేదని, ఎక్కలేదని ఆమెకూ తెలుసు. అది ఆమె పైకి అనలేదు. నిన్ననే ఎందుకు చెప్పలేదని అడిగింది. సీమోను బల్ల మీద ఉన్న తన కాంట్రాక్టు కాగితం వైపు చూశాడు. ఆమె కూడా దాన్ని చూసింది. తీసి, మడవకుండా, సొరుగులో పెట్టి మూసింది. పంపుతానని గానీ పంపనని గానీ అనలేదు. అతను అడగలేదు.

"ఎన్ని మిగిలాయి?"

"ఉత్తరం వరసల తెల్లగడ్డయి ముప్పై ఏడు. ఈ వారం దాటితే ఇగ పూత ఉండదు."

"ఆమె వస్తుందా?"

"అడుగుత," అన్నాడు సీమోను. "ముందు ఇంకో జాగల చెప్పేదున్నది."

సోమవారం తెల్లవారి ఆరున్నరకు మొగులయ్య వ్యాను మార్కెట్ మూల మీద ఆగి ఉంది. ఆడవాళ్లు టిఫిన్ డబ్బాలు ఒడిలో పెట్టుకుని ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. పొగమంచు ఇంకా ఉంది. ఆవల బేబీ కొత్తిమీర మూట దించుకుంటోంది, ఇటు చూడలేదు. సీమోను కాలేజీ వాచ్‌మన్‌ను లేపి తాళం తీయించుకుని అప్పుడే మూడు పూలు కోసుకొచ్చాడు. అవి తడి రుమాలులో ఉన్నాయి.

"ఏందన్నా, పొద్దుపొద్దున పూల దుకాణం పెట్టినవా?" అన్నాడు మొగులయ్య.

సీమోను వ్యాను వెనక తలుపు దగ్గరికి వెళ్లాడు. పన్నెండు మొఖాలు అతన్నే చూశాయి. వయసులో పెద్దది లలితమ్మ అంచున కూర్చుంది. ఆమె కాలికి వాపు, అందుకే ఆ జాగా ఎప్పుడూ ఆమెదే. సీమోను రుమాలు విప్పి ఆమె చేతిలో ఒక పువ్వు పెట్టాడు.

"అమ్మా, దీన్ని క్రాసింగ్ చెయ్యాలె. ముందు ఏం చేస్తవ్?"

లలితమ్మ అతన్ని అనుమానంగా చూసి, పువ్వును తిప్పింది. బొటనవేలి గోరు రేకు మీద పెట్టింది. లాగబోయి ఆగింది. కళ్లు చిట్లించి దగ్గరికి తెచ్చుకుంది. రేకును కొంచెం పక్కకు వంచింది. పక్కనున్న సోనీ వంగి చూసింది. ఇంకో ఇద్దరు లేచి వచ్చారు.

"గిదేంది," అంది లలితమ్మ. "దీని కడుపు రేకు కిందనే ఉన్నది."

"మధ్యలయి?"

"మగయి గావచ్చు. దుమ్ము రాలుతున్నది." ఆమె వేలికి అంటిన పసుపును చూసుకుంది. "రేకు పీకితే ఏం మిగులతది? ఒట్టిదే."

"మూడు వందల పూలకు పీకిచ్చిన నేను," అన్నాడు సీమోను. అందరికీ వినబడేలా అన్నాడు. "బేబీ వద్దన్నది. నేను ఇనలే. గింజ నిలవకపోతే ఆమె చెయ్యి మంచిది కాదన్న. మేడమ్‌కు చెప్పిన, మొగులయ్యకు చెప్పిన. ఆమె చేతిల ఏ తప్పు లేదు. అది చెప్పనీకే వచ్చిన."

వ్యాన్‌లో ఒకామె టిఫిన్ డబ్బాను కింద పెట్టింది. చాయ్ బండి మీద స్టవ్ శబ్దం వినబడుతోంది. ఈ ఆడవాళ్లలో సగం మంది అతన్ని చర్చిలో ముందు వరసలో చూసేవాళ్లు.

"ముప్పై ఏండ్లు మాలి పని చేసి," అంది సోనీ చివరికి, "ఆడదేదో మగదేదో తెల్వలేదా అన్నా నీకు?"

మొదట ఒకామె నవ్వింది, తర్వాత వ్యానంతా నవ్వింది. మొగులయ్య కూడా మొఖం తిప్పుకుని నవ్వాడు. సీమోను రుమాలు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. వాళ్ల నవ్వు ఆగేదాకా నిలబడాలని అనుకున్నాడు, నిలబడ్డాడు.

లలితమ్మ నవ్వలేదు. వ్యాను అంచు మీంచి తల బయటికి పెట్టి, "బేబీ," అని పిలిచింది. "ఇటు రా బిడ్డా."

బేబీ వచ్చింది. చేతుల నిండా కొత్తిమీర తడి. లలితమ్మ జరిగి పక్కన చోటు చేసింది. ఎక్కు అన్నాడు మొగులయ్య, ఆలస్యం అయితే షెడ్ల కాడ లొల్లి చేస్తారన్నాడు.

బేబీ ఎక్కలేదు. లలితమ్మ ఒడిలో ఉన్న పువ్వును తీసుకుని, మొఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇయ్యాల్టిదేనా?" అని సీమోనును అడిగింది.

"ఇయ్యాల్టిదే. ఉత్తరం వరస."

"ఎన్ని?"

"ఈ మూడు పోంగ ముప్పై నాలుగు. మేడమ్ అడగమన్నది నిన్ను."

ఆమె ఆకాశం వైపు చూసింది. మంచు విడిచి ఎండ రావడానికి ఇంకా రెండు గంటలు పడుతుంది. పుప్పొడి పొడిబారి రాలడానికి ఇంకో గంట. మొగులయ్యతో ఈ ఒక్క రోజు కాలేజీకి పోతానని, రేపటి నుంచి వ్యాన్ ఎక్కుతానని చెప్పింది. మొగులయ్యకు నచ్చలేదు. జాగా ఎవరికోసమూ ఆగదన్నాడు.

"ఆగుతది," అంది లలితమ్మ. "నా పక్క జాగ ఇది. రేపటి దాకా నా డబ్బా పెట్టుకుంట."

తొమ్మిదిన్నరకు మిద్దె మీద ఎండ పడింది. బేబీ కొంగు నడుముకు బిగించి, ఊదాగడ్డ మొక్కల పూలను గోటితో మీటి చూసింది. పుప్పొడి రాలుతోంది. ఒక పువ్వు తెంపి, దాని మధ్య గుత్తిని తెల్లగడ్డ పువ్వు రేకుల మొదట్లో, నాలుక నాలుకకూ విడివిడిగా, మెత్తగా తాకించింది. పదమూడు నాలుకలకు పదమూడు తాకులు. సంచి తొడిగి దారం కట్టింది. ఇంకో పువ్వుకు పోయింది. మేడమ్ వచ్చి పక్కన నిలబడితే, నీడ పడుతోంది కొంచెం జరగమని చెప్పింది. మేడమ్ జరిగింది. గురువారం నాటి మాట గురించి మేడమ్ ఏదో అనబోయింది కూడా. బేబీ చెయ్యి పువ్వు మీద ఉంది, తల ఎత్తలేదు. మేడమ్ కాసేపు నిలబడి, సంచులు తానే అందించడం మొదలుపెట్టింది.

పుప్పొడికి ఊదాగడ్డ పూలు తెచ్చి ఇవ్వడం సీమోను పని అయింది. క్రాసింగ్‌లో ఆ పని కొత్తగా చేరినవాళ్లకు ఇస్తారు. అతను ఒక్కొక్కటే తెచ్చి తడి రుమాలు మీద పెట్టాడు.

పదకొండున్నర అయ్యేసరికి పుప్పొడి తగ్గింది. ఇరవై రెండు పూలు అయ్యాయి. పన్నెండు మిగిలాయి. అవి రేపు, ఎల్లుండి విచ్చుకునే మొగ్గలు. బేబీ చేతులు దులుపుకుని ఆ మొగ్గలను చూసింది. తర్వాత సీమోనును చూసింది.

"రేపు నేను రాను," అంది. "ఇవి నువ్వు చెయ్యాలె."

"నాకు కనబడదు గదా చెల్లె."

"అద్దం ఉన్నది గదా. కూసో."

అతన్ని గోనె మీద కూర్చోబెట్టింది. చివరి పువ్వు ఒకటి సంచి తొడగకుండా ఆపి ఉంచింది. ఎడమ చేతిలో భూతద్దం పెట్టింది. కుడి చేతికి ఊదాగడ్డ పువ్వు ఇచ్చి, అతని మణికట్టును తన చేత్తో పట్టుకుంది. ముప్పై ఏళ్లు మట్టిలో ఉన్న చెయ్యి, బరువుగా ఉంది. రేకును ఎట్లా పక్కకు వంచాలో చూపించింది, పీకవద్దంది, వంచితే చాలంది. నాలుక మీద ఒక్కసారి ఆనించి తీసేయమంది. రాస్తే విరుగుతుందంది.

"అంటింది," అన్నాడు సీమోను.

"అంటలే. మళ్ల పెట్టు."

మళ్లీ పెట్టాడు. బేబీ వంగి చూసింది.

"ఇప్పుడు అంటింది. నాలుక మీద పసుపుపచ్చగ దుమ్ము. కనబడ్డదా?"

సీమోను అద్దాన్ని దగ్గరికి తెచ్చాడు, దూరం జరిపాడు. పసుపులో పసుపు కలిసిపోయి మసకగా ఉంది. మేడమ్ పక్కనే నిలబడి చూస్తోంది.

"లేదు బేబీ," అన్నాడు. "నాకు కనబడలే."

బేబీ పువ్వును ఎండ వైపు తిప్పింది. అద్దం పట్టుకున్న అతని చేతిని కొంచెం పైకి లేపింది. మొదటి రేకు దగ్గర మళ్లీ మొదలుపెట్టింది.